మా బావ ఉపన్యాసం, అమ్మమ్మ ఊ

మొన్న రాజమండ్రిలో, నేను చదివిన కాలేజీలోనే, బి.ఏ. పట్టాలు పుచ్చుకున్నవాళ్లకి సన్మానసభ జరిగితే వెళ్లాను. ఒక కుర్రవాడు ఇంగ్లీషులో ఉపన్యసిస్తూ ఊపిరి కోసం ఆగాడు. సభంతా నిశ్శబ్దం. నా నోట్లోంచి, నేను పిలవకుండానే, "ఊ" అని వచ్చేసింది. ముందు వరసలో జరీ తలపాగా ఆయన వెనక్కి తిరిగి, నువ్వు తుమ్మినా క్షమించేవాణ్ణి అన్నట్టు చూశాడు. వేదిక మీద కూర్చున్న మా బావ మాత్రం కండువా నోటికి అడ్డం పెట్టుకున్నాడు. ఆ కండువా వెనక ఏం జరుగుతోందో ఆ సభలో నా ఒక్కడికే తెలుసు.

మా బావంటే మా మేనమామ కొడుకు. తణుకు దగ్గర మా ఊళ్లో బి.ఏ. అనే రెండక్షరాలు మొదట తెచ్చినవాడు. ఆ అక్షరాలకి అర్థమేమిటో ఊళ్లో ఎవరికీ తెలియకపోయినా, వచ్చినవాణ్ణి చూడ్డానికి మాత్రం అందరూ వచ్చారు. ఆ ఏడు సన్మానసభలో పట్టభద్రులు ఒక్కొక్కరూ ఉపన్యాసం ఇవ్వాలనీ, బాగా మాట్లాడినవాడికి కాలేజీకి అనుబంధంగా ఉన్న హైస్కూల్లో మాస్టరు ఉద్యోగం ఇస్తామనీ ప్రిన్సిపాలు దొరగారు ప్రకటించారు. ఉద్యోగం రాకపోతే మా బావ ఇంటికొచ్చి మామయ్య పక్కన కరణీకానికి కూర్చోవాలి. శిస్తు లెక్కలంటే అతనికి చిన్నప్పటినుంచీ జ్వరం వచ్చేది. నిజం జ్వరమే, మా అత్తయ్య కషాయం కాచేది.

అందుకని వేసవి సెలవలంతా విద్య వల్ల లాభాల గురించి ఒక ఇంగ్లీషు ఉపన్యాసం రాసుకుని వల్లించాడు. వినడానికి ఎవరు దొరుకుతారు? నన్నడిగితే నవ్వుతానని భయం. చివరికి నాకు అమ్మమ్మా, అతనికి నాయనమ్మా అయిన ముసలావిడ దొరికింది. ఆవిడ వసారాలో గోడకి చేరగిలబడి వత్తులు చేసుకుంటూ కూర్చుంటే, ఎదురుగా స్తంభం పక్కన నిలబడి ఇతను చేతులు ఊపేవాడు. ఒక్కో వాక్యం అవగానే ఆవిడ "ఊ" అనేది. ఇంగ్లీషు ముక్క రాకపోయినా, చెప్పేవాడి ఎదుట కూర్చుని ఊకొట్టకపోవడం ఆవిడ దృష్టిలో పీట వేసి అన్నం పెట్టకపోవడంతో సమానం. మొదటిరోజు ఉపన్యాసం పూర్తయ్యాక, "బాగానే ఉందిరా. ఆఖరికి ఆ రాజుగారబ్బాయి ఏమయ్యాడు?" అంది.

"రాజూ లేడు, అబ్బాయీ లేడు నాయనమ్మా. ఇది విద్య గురించి."

"అయితే రేపు ఒక రాజుని పెట్టు. వినడానికి బాగుంటుంది."

రాజు లేకుండానే సెలవలు గడిచాయి. ఉపన్యాసం మాత్రం అతనికి ఎంత బాగా పట్టుబడిందంటే, ఆవిడ ఊ అంటేనే తరవాతి వాక్యం బయటికొచ్చేది. ఏతాం తొక్కేవాడు ఆగితే నీళ్లు ఆగినట్టు. నేను చూసి ఊరుకోలేక, "బావా, సభలో వేదిక మీదికి అమ్మమ్మని కూడా ఎక్కిస్తావా?" అన్నాను. "నోర్మూసుకోరా, వెధవ పరిహాసాలూ నువ్వూనూ" అన్నాడు.

సభరోజుకి మావాళ్లంతా కాలవ పడవలో వచ్చి, గోదావరి దాటి దిగారు. మగవాళ్లు వెనక బల్లల మీద, ఆడవాళ్లు పక్క వరండాలో కిటికీ దగ్గర. నేను అప్పుడు అదే కాలేజీలో, బి.ఏ.కి కింది మెట్టయిన ఎఫ్.ఏ. చదువుతున్నాను, వచ్చినవాళ్ల మీద పన్నీరు చల్లే పని నాది. మా బావ లేచాడు. కొత్త కోటు, కొత్త తలపాగా, పాత మొహం. మొదటి వాక్యం ఉరుములా చెప్పాడు. ఆగాడు. సభ మర్యాదగా మౌనంగా ఉంది. ఇంకా ఆగాడు. మొదటి వాక్యాన్నే మళ్లీ చెప్పాడు, ఈసారి ఉరుము దూరంగా వినిపించింది. మళ్లీ మౌనం. దొరగారు గడియారం తీశారు. మామయ్య మొహంలో కరణీకం స్పష్టంగా కనపడింది. బావకి ఏం కావాలో నాకు తెలుసు. కాని నా చేతిలో ఉన్నది పన్నీరుబుడ్డి.

అంతలో కిటికీలోంచి గట్టిగా, కాస్త విసుగ్గా, వినిపించింది: "ఊఁ... తరవాతేమయిందిరా?"

సభ గొల్లుమంది. మా బావకి ఆ నవ్వు వినపడలేదు. అతనికి వినపడింది ఊ ఒక్కటే. గేటెత్తిన కాలవ లాకులో నీళ్లలా రెండో వాక్యం దూకింది. "ఊ." మూడోది. "ఊ." ముసలావిడ ఒక్కర్తీ ఊకొట్టడం మా ఊరికే అప్రతిష్ట అనుకున్నారో ఏమో, వెనక బల్లల మీద మావాళ్లూ అందుకున్నారు. సగానికొచ్చేసరికి ముందు వరస ప్లీడర్లు కూడా, తల తిప్పకుండా, మీసాల్లోంచి ఊకొట్టడం మొదలెట్టారు.

దొరగారు పక్కనున్న తెలుగు పండితుణ్ణి అదేమిటని అడిగారు. "వింటున్నాం, చెప్పమనడమండి. మా పల్లెటూళ్లలో మర్యాదండి" అన్నాడాయన, క్షమాపణ చెప్పుకున్నట్టు. తరవాత దొరగారు తన ఉపన్యాసం మధ్యలో ఒకచోట ఆగి, కిటికీవైపు చూశారు. అతిథిని చిన్నబుచ్చడం ఎందుకని కాబోలు, అమ్మమ్మ ఆయనకీ ఒక ఊ పడేసింది. ఆయన చెవులు ఎర్రగా అయ్యాయి. చివర్న ఉద్యోగానికి మా బావ పేరు చదివి, భాష తెలియని ముసలావిడ వినేలా చెప్పినవాడు తెలిసిన పిల్లలు వినేలా చెప్పలేడా అన్నారు. మామయ్య కళ్లు తుడుచుకున్నాడు. అందులో సగం నా పన్నీరే.

తిరుగు పడవలో అందరూ పొగుడుతుంటే అమ్మమ్మ తేల్చేసింది: "మనవాడిది ఎన్నిసార్లు విన్నా నయమే. ఆ దొరగారి కథలోనే పస లేదు, పాపం."

మా బావ ఇప్పుడు ఆ హైస్కూలుకి హెడ్మాస్టరు. అతని క్లాసులో పిల్లలు ఊకొడతారని ఇన్స్పెక్టరు ఒకసారి చీవాట్లు రాశాడట. మొన్నటి కుర్రవాడు మాత్రం నా ఊ అందుకుని తరవాతి వాక్యంలోకి సుఖంగా వెళ్లిపోయాడు. అమ్మమ్మ లేదు, ఆ కిటికీకి ఇప్పుడు తెర కట్టారు. కాలం మాత్రం ఎవరి ఊ కోసమూ ఆగదు. ఆ విషయంలో మా బావ కంటే దానికి ధైర్యం ఎక్కువ.