ఎడంచేతాయన ఓడకూడని పోటీ

మన సెలూన్ ఆసామి జన్మలో ఒక్క దెబ్బ కొట్టిందీ లేదు, తిన్నదీ లేదు. అయినా బాక్సింగులో ఆయన మాటకు తిరుగులేదట! ఎప్పుడో గ్లవ్స్ విప్పేసినవాళ్లనీ, నిన్నగాక మొన్న గెలిచినవాళ్లనీ తన బుర్రలోనే బరిలోకి దించి కొట్టిస్తాడు. ఒక గడ్డానికి పన్నెండు రౌండ్లు. మొహం మీద నురగ ఎండిపోయి చిరచిరలాడుతున్నా, కుర్చీలోవాడు నోరు మూసుకుని కూర్చోవాల్సిందే.

ఎవరిని దించినా గెలిచేది మాత్రం ఎడంచేతాయనే. నలభై ఏళ్ల కిందటి చాంపియన్. అద్దం పైన ఉన్నది ఆయన ఫొటో ఒక్కటే. రెండో కుర్చీ దగ్గర పనిచేసే బావమరిదికి ఇదంతా ఒళ్లుమంట.

“ఇప్పటి చాంపియన్ ముందు మీ ఎడంచేతాయన ఏపాటి బావా? ఇవాళ తేల్చేద్దాం. ఓడితే ఆ ఫొటో దించెయ్యాలి.”

“దించుతాలేరా! ఇప్పటివాడూ ఒక మనిషేనా? తుమ్మితే పడిపోయే బాపతు!” అని అరడజను మంది ఎదుట ఆసామి మాట ఇచ్చేశాడు. తీర్పు మాత్రం ఆసామి కుర్చీలో ఉన్న పెద్దాయనకు వదిలేశారు. ఆయన ఊరికి కొత్త, ఎవరి పక్షమూ కాదు.

ఆరో రౌండుకల్లా ఆసామి ఇప్పటివాణ్ణి మట్టి కరిపించేశాడు. పెద్దాయన నురగలోంచే నవ్వాడు.

“అంత లేదు బాబూ. ఎడంచేతాయనకు కుడిపక్క కాచుకోవడం చేతకాదు. ఈ కుర్రాడు మూడో రౌండులోనే పడుకోబెట్టేస్తాడు.”

బావమరిది ఈలవేసి, ఫొటో దించడానికి స్టూలెక్కాడు. ఆసామికి ఒళ్లు మండింది. మీసం దగ్గర గీయడానికి పెద్దాయన ముక్కును వేలితో పైకెత్తాడు. లోపల ఎముకే లేనట్టు అది మెత్తగా పక్కకు ఒరిగింది. నుదుటి మీది జుట్టు తొలగించి చూస్తే, ఎడమ కనుబొమ అచ్చం ఫొటోలోలాగే నడిమికి చీలి ఉంది. కత్తి ఆగిపోయింది. సందేహం లేదు, ఎడంచేతాయనే!

మరొకడైతే కాళ్ల మీద పడేవాడు. మనవాడు మాత్రం స్టూలు మీది బావమరిదిని చూశాడు, పళ్లికిలిస్తున్న జనాన్ని చూశాడు. ఛీ, ఏం మనిషండీ!

“దిగరా! ఈయన తీర్పు చెల్లదు. బాక్సింగంటే ఓనమాలు తెలియని మనిషి,” అన్నాడు బిగ్గరగా. “లేవండి, అయిపోయింది.”

ఒక చెంప మీద నురగ అలాగే ఉంది. పెద్దాయన అరచేత్తో తుడుచుకుని లేచాడు. పైనున్న ఫొటోను కాసేపు చూశాడు.

“ఆయనంటే నీకంత ఇష్టమా బాబూ?”

“ప్రాణమండీ,” అన్నాడు ఆసామి, ఆయన మొహం చూడకుండా. “ఇక దయచెయ్యండి.”