ఎనిమిది నిమిషాల తిండి

నిండు కడుపుతో కంకర మీద పల్టీలు కొడితే మొదట పైకొచ్చేది టీ. దాని వెనకే ఆలుగడ్డ కూర. పూరీలు ఆఖర్న వస్తాయి, మింగినవి మింగినట్టే, ఎందుకంటే వాటిని ఎవరూ నమిలి ఉండరు. ఇది నాకు ఎవరో చెబితే తెలిసింది కాదు. సికింద్రాబాద్ కంటోన్మెంట్లో ఒక ఆర్మీ ట్రైనింగ్ సెంటర్లో రిక్రూటుగా ఉన్నప్పుడు, వారానికి మూడు నాలుగుసార్లు నా ముక్కులోంచీ నోట్లోంచీ బయటికొచ్చి తెలిసింది.

తిండి తక్కువని మాత్రం నేను చచ్చినా అనను. లంగర్లో, అంటే మా భోజనాల హాల్లో, పొద్దున పూరీలు, గుడ్లు, పాలు. మధ్యాహ్నం అన్నం, పప్పు, చపాతీలు, కూర. వారంలో రెండు రోజులు చికెన్. అడిగినవాడికి అడిగినంత. లేనిదల్లా టైము. మాకు డ్రిల్లు నేర్పే హవల్దారును ఉస్తాద్ అనేవాళ్ళం. మా పన్నెండు మంది స్క్వాడ్లో చివరివాడు బెంచీ మీద కూర్చోగానే ఆయన వాచీ చూసుకునేవాడు. ఎనిమిది నిమిషాలకి విజిల్. అప్పటికి పన్నెండు ప్లేట్లూ ఖాళీ అయిపోవాలి. ఒక్క ప్లేట్లో సగం పూరీ మిగిలినా పన్నెండు మందికీ రగ్డా. పారేయకూడదు, జేబులో పెట్టుకోకూడదు, పక్కవాడి ప్లేట్లో వేయకూడదు. ఎవడి తిండి వాడే తినాలి. అదీ లెక్క.

ఆ మిగిలిన సగం పూరీ ఎప్పుడూ నా ప్లేట్లోనే ఉండేది.

మాది లాలాగూడ. తాతయ్య గుంటూరు వైపు నుంచి రైల్వే ఉద్యోగానికొచ్చి ఇక్కడే ఉండిపోయాడు, నాన్న వర్క్‌షాపులో ఫిట్టరు. మా ఇంట్లో ప్రార్థన చేయకుండా ఎవరూ మెతుకు ముట్టరు. అమ్మ ప్రార్థన అంటే మామూలుగా ఉండదు. వండిన చేతులు, పండించిన చేతులు, ఆకలితో ఉన్నవాళ్ళు, ఊళ్ళో పెద్దమ్మ మోకాళ్ళ నొప్పులు, అందరినీ తలుచుకుని, కూర చల్లారాక ఆమెన్ అంటుంది. ఆ తర్వాత మెల్లగా, నమిలి తినాలి. అలా పెరిగినవాణ్ణి నేను. లంగర్లో కూడా చేతులు జోడించి కళ్ళు మూసుకునేవాణ్ణి. పెద్దమ్మ మోకాళ్ళు వదిలేసినా నిమిషం పట్టేది. దానికి తోడు మెడికల్లో నా బరువు తక్కువని తేలింది కాబట్టి నా ప్లేట్లో రెండు పూరీలు, ఒక గుడ్డు ఎక్కువ వేయమని ఉస్తాద్ ఆర్డరు. వద్దని చెప్పడానికి నేనెవర్ని?

రగ్డా అంటే ఏమిటో తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. ముందుకు పల్టీలు, కప్పగంతులు, మోచేతుల మీద పాకడం, మళ్ళీ పల్టీలు. కింద కంకర, పైన ఎండ. మోచేతులు చెక్కుకుపోయి చొక్కాకి అంటుకుంటాయి. కక్కుకున్నవాడు ఆగకూడదు, కక్కినదాంట్లోంచే దొర్లాలి. ఆగితే నడుము మీద ఉస్తాద్ బూటు పడుతుంది. ఆయన పెద్దగా అరిచేవాడు కాదు, అదే ఎక్కువ భయం. తన్ని, పక్కకి జరిగి, మళ్ళీ వాచీ చూసుకునేవాడు. ఇదంతా నా ఒక్కడి సగం పూరీ వల్ల. మిగతా పదకొండు మందికి నేనంటే ఎంత ప్రేమ ఉంటుందో ఊహించుకోవచ్చు. మా స్క్వాడ్లో ఒక పొడుగువాడు ఉండేవాడు, పాకేటప్పుడు ప్రతిసారీ నా వేళ్ళ మీదుగానే వెళ్ళేవాడు. రెండు గోళ్ళు ఊడిపోయాయి.

తిన్నది ఒంటబట్టదు కదా, రోజంతా ఆకలే. డ్రిల్లు గ్రౌండులో నిలబడితే ఎక్కడో రైలు కూత వినపడేది. ఇల్లు ఆటోలో పావుగంట దూరం. అమ్మ ఇప్పుడు పప్పుచారు పోపు పెడుతూ ఉంటుంది అనుకుంటే నోట్లో నీళ్ళూ కళ్ళలో నీళ్ళూ ఒకేసారి వచ్చేవి. ఏడుపు కంటే కోపమే ఎక్కువగా ఉండేది. ఎవర్నయినా కొరకాలనిపించేంత కోపం.

ట్రైనింగ్‌లో ఇద్దరిద్దర్ని జత కడతారు, బడ్డీలంటారు. పక్కపక్క మంచాలు, పక్కపక్క బెంచీ. నా బడ్డీ సిద్దిపేట దగ్గర పల్లెటూరివాడు. వాళ్ళ నాన్నకు కొంచెం మొక్కజొన్న చేను, నలుగురు కొడుకులు. అన్నదమ్ముల మధ్య పెరిగాడు కాబట్టి వాడు నమలగా నేను చూడలేదు. ప్లేటు ముందు పెట్టుకోవడం, ఖాళీ ప్లేటు ఎత్తుకోవడం, మధ్యలో ఏం జరిగేదో దేవుడికే తెలియాలి.

"ఏంది బై, గిదేమన్న పెండ్లి విందా?" అనేవాడు నన్ను. "జెర తొందరగ మింగు. మా పానాలు తీస్తున్నవ్."

"మింగుతున్నా కదరా. గొంతు పట్టద్దా?"

రెండో నెల మొదట్లో పరిస్థితి మారింది. విజిల్ పడేసరికి నా ప్లేటు ఖాళీగా ఉండటం మొదలైంది. ఒక రోజు, రెండు రోజులు, వారం. రగ్డాలు తగ్గాయి. నాకు స్పీడు వచ్చేసిందనుకున్నాను. ఆదివారం గేటు దగ్గరికొచ్చిన అమ్మతో గొప్పగా చెప్పుకున్నాను కూడా. కానీ ఆకలి మాత్రం తగ్గలేదు. ప్రార్థన ముగించి కళ్ళు తెరిచేసరికి ప్లేటులో ఏదో వెలితి. మూడు గుడ్లు వేయించుకున్నానా, రెండా? ఆరు పూరీలా, నాలుగా? వడ్డించేవాడే తగ్గించాడేమో అనుకుని సరిపెట్టుకున్నాను.

ఒక పొద్దున, ప్రార్థన మధ్యలో, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఒక కన్ను తెరిచాను. నా ప్లేట్లో చెయ్యి ఉంది. నల్లటి, గట్టి చెయ్యి, బొటనవేలి మీద పాత కొడవలి గాటు. రెండు పూరీల్లో గుడ్డు చుట్టి ఒక్క లాగు లాగింది. నేను తలెత్తేసరికి నా బడ్డీ దవడలు నిండిపోయి ఉన్నాయి. ఎటో చూస్తున్నాడు.

అక్కడ ఏమీ అనలేదు. ఉస్తాద్ ఉన్నాడు. మిగిలింది తిన్నాను, ఏం తిన్నానో తెలీదు. ప్రార్థన చేసుకునేవాడి ప్లేట్లోంచి దొంగతనం! వారాల తరబడి! నా ఆకలంతా వీడి కడుపులోకి పోయిందన్నమాట.

లంగర్ వెనక ప్లేట్లు కడుక్కునే పంపులుండేవి. వాడు వంగి ప్లేటు తోముతున్నాడు. నా చేతిలో స్టీలు మగ్గు, ట్రైనింగ్‌కి వెళ్ళేముందు నాన్న రెజిమెంటల్ బజార్లో ఏరికోరి కొన్న బరువైన మగ్గు. దాంతో చెంప మీద కొట్టాను. వాడు తిరిగాడు. "అరె, ఆగు బై" అన్నాడు. ఆగలేదు. రెండోది దవడ మీద పడింది. టక్కుమని ఎండుకట్టె విరిగినట్టు శబ్దం. వాడు నాచు మీద పడ్డాక ఛాతీ మీద కూర్చుని పిడికిలితో కొట్టాను. ఎన్ని కొట్టానో గుర్తులేదు. నా వేళ్ళ కణుపుల్లో వాడి పన్ను ముక్క గుచ్చుకుంది. నిజం చెప్పాలంటే, కొడుతున్నంతసేపూ హాయిగా ఉంది. రెండు నెలల్లో మొదటిసారి కడుపులో మంట చల్లారింది. మిగతావాళ్ళు లాగేసరికి వాడి కింది దవడ ఒక పక్కకి జరిగిపోయి ఉంది. నోరు మూయలేకపోతున్నాడు. నెత్తురూ, నమలని పూరీ కలిసి గడ్డం మీదుగా కారుతున్నాయి.

డాక్టరు అడిగితే వాడు, పంపు దగ్గర నాచు మీద జారిపడ్డానని కాగితం మీద రాసిచ్చాడట. ఉస్తాద్ నా కణుపుల వంక చూశాడు, నా మొహం వంక చూశాడు. ఏమీ అడగలేదు. వాడు నిజం చెబితే ఆ సాయంత్రమే నా పెట్టె గేటు బయట ఉండేది.

మర్నాడు పొద్దున కళ్ళు మూసుకుని, తెరిచాను. ఆరు పూరీలూ ఉన్నాయి, మూడు గుడ్లూ ఉన్నాయి. దొంగ పోయాడని కసిగా సంతోషించాను. విజిల్ పడేసరికి రెండు పూరీలు, ఒక గుడ్డు మిగిలాయి. పదకొండు మందిమీ కంకర మీద పడ్డాం. తర్వాతి రోజూ అంతే. మూడో రోజు రగ్డా అయ్యాక, కక్కుకుని బోర్లా పడి ఉన్న నా పక్కటెముకల మీద పొడుగువాడు తన్నాడు. హిందీలో తిడుతూ చెప్పాడు. నీ వంతు తిండి వాడు మింగబట్టే కదరా మేమంతా ఇన్నాళ్ళూ బతికాం, నిన్ను అందరం కలిసి కుళ్ళబొడుద్దామనుకుంటే, వద్దు, నేను చూసుకుంటానన్నాడు, వాడి మూతే పగలగొట్టావు కదరా అన్నాడు. ఇంకో తన్ను తన్నాడు. నేను అడ్డం పెట్టుకోలేదు.

అడిగితే ఇంకో పది పూరీలు వేసే చోట ఎవడైనా పూరీ ఎందుకు దొంగిలిస్తాడు? ఇంత చిన్న ప్రశ్న నాకు తట్టలేదు. ఆ మధ్యాహ్నం నుంచి కళ్ళు తెరుచుకునే తిన్నాను. దేవుడికి థాంక్స్ చెప్పే మొహం లేదు నాకు. నమలడం మానేశాను. విజిల్‌కి ముందే అయిపోయేది.

ఆదివారం మిలిటరీ ఆసుపత్రికి వెళ్ళాను. పై పళ్ళనీ కింది పళ్ళనీ తీగెలతో కలిపి కట్టేశారు. పాలు, పప్పునీళ్ళు, గొట్టంతో పీల్చుకోవడమే. బుగ్గలు లోపలికి పోయాయి. మంచం పక్కన నిలబడ్డాను.

వాడే పళ్ళ సందుల్లోంచి అడిగాడు. "ఇయ్యాల చికెనా?"

"ఆ."

"ముక్కలు మంచిగున్నయా?"

ఏడ్చేశాను. "ముందే చెప్పచ్చు కదరా నాకు."

"చెప్తే ఒప్పుకుంటుంటివా? ఒక్క గుడ్డు తక్కువైతే కొట్లాడేటోనివి." కాసేపు ఊపిరి తీసుకున్నాడు. "నాకు సుత ఆకలైతుండె తియ్. ఊకెనే తినలే."

"ఉస్తాద్‌కి చెప్పేస్తా, నేనే కొట్టానని."

"చెప్పి ఏం జేస్తవ్? నువ్వు ఇంటికి పోతవ్. నా దవడ అతుకుతదా?"

చెప్తానని అన్నానే గానీ, వాడు వద్దన్నప్పుడు నా గుండె తేలికపడింది. ఆ తేలిక నాకిప్పటికీ అసహ్యం.

వాడు తిరిగొచ్చేసరికి మేము చాలా ముందుకెళ్ళిపోయాం. వాణ్ణి వెనక బ్యాచ్‌లో వేశారు. అక్కడందరూ కొత్తవాళ్ళు. తీగెలు తీసేశారు గానీ దవడ బిగుసుకుపోయింది, నోట్లోకి రెండు వేళ్ళకి మించి పట్టవు. పూరీని గోరంత ముక్కలు చేసుకుని, టీలో నానబెట్టుకుని, ఒక్కోటి లోపలికి తోసుకునేవాడు. వాళ్ళ ఉస్తాద్‌కీ వాచీ ఉంది. మా బెంచీ నుంచి చూస్తే వాడి వీపూ, మోచేతి పక్కన ప్లేటూ కనపడేవి. విజిల్ పడేది, వాడి ప్లేటు సగం నిండుగా ఉండేది. తర్వాత ఆ స్క్వాడంతా కంకర మీద. వాడి దవడ కంకరకి తగిలినప్పుడు వచ్చే కేక, గ్రౌండుకి ఇటు పక్క నాకు వినపడేది. ఒకరోజు వాడి కళ్ళు వాచిపోయి కనిపించాయి. ఎవరు కొట్టారని అడగాల్సిన పనిలేదు. నేను కాకపోతే ఇంకొకడు.

రెండుసార్లు మా ఉస్తాద్ గది గుమ్మం దాకా వెళ్ళాను. నేనే కొట్టానని చెబితే, మళ్ళీ విచారణ చేసి వాణ్ణి ఇంకొన్నాళ్ళు ఆసుపత్రిలో ఉంచేవాళ్ళు, నములుకునే టైము ఇచ్చేవాళ్ళు, నన్ను ఇంటికి పంపేవాళ్ళు. రెండుసార్లూ సెల్యూట్ కొట్టి, లీవు గురించి ఏదో అడిగి తిరిగొచ్చాను. పిరికితనానికి వేరే పేరు పెట్టుకోదలచుకోలేదు.

ట్రైనింగ్ ముగిసినప్పుడు జరిగే మా పాసింగ్ అవుట్ పరేడ్‌కి ఇంకా మూడు వారాలుందనగా, ఉద్యోగం వద్దని వాడు తనంతట తానే డిశ్చార్జికి సంతకం పెట్టాడు. ఆ మధ్యాహ్నం గేటు దగ్గర గార్డు డ్యూటీ నాది. నల్ల పెట్టె భుజాన పెట్టుకుని వచ్చాడు. చొక్కాలో మనిషున్నట్టు లేడు. గార్డు కమాండరు లోపల ఫోన్లో ఉన్నాడు.

"ఒక్కటి కొట్టరా నన్ను," అన్నాను. "నీ కాళ్ళు మొక్కుతా. మొహం మీదే కొట్టు."

పెట్టె దించలేదు వాడు. "నిన్ను కొడితే నా కడుపు నిండుతదా?"

"ఇంట్లో ఏం చెప్తావ్?"

"ఏం జెప్తా? అక్కడ తిండి సాల్తలేదు, ఉండలేక వచ్చిన అంట. నన్ను జూస్తే నమ్మరా?"

నవ్వబోయాడు. దవడ కదల్లేదు. గేటు దాటి, రోడ్డు మీద ఆటో ఆపి, పెట్టె ఎక్కించుకుని వెళ్ళిపోయాడు.

మర్నాడు పొద్దున డ్రిల్లుకి ముందు అందరికీ బరువులు తూచారు. నేను ఆరు కిలోలు పెరిగాను. ఉస్తాద్ మొదటిసారి నా భుజం తట్టి, శభాష్ అన్నాడు.