రౌటర్‌కి అరటిపండు

తణుకులో ఇత్తడి సామాన్ల కొట్టు నడిపే అచ్చిబాబుగారికి ఆయుధపూజంటే ప్రాణం. మహర్నవమినాడు ఆయన చేతికి కుంకుమ భరిణె వచ్చిందంటే ఇంట్లో స్క్రూడ్రైవరు కూడా బొట్టు తప్పించుకోలేదు. కాటాకి, స్కూటరుకి, మిక్సీకి, నీళ్ల మోటారుకి తలా ఒక అరటిపండు పెట్టి, దానికి అగరొత్తి గుచ్చి, కళ్లు మూసుకుని దండం పెడతారు.

ఈసారి అలమరలో ఉన్న ఇంటర్నెట్ రౌటర్ దగ్గరికి వచ్చేసరికి పళ్లు అయిపోయాయి. పండగపూట మళ్లీ బజారుకి ఎవరు వెళతారు? చూస్తే, దాని వెనకాల సరిగ్గా అగరొత్తి పుల్ల పట్టేంత కన్నం ఉంది. తయారుచేసినవాడెవడో భక్తి గలవాడని మెచ్చుకుని, పుల్ల బిగించి గుచ్చేశారు.

కాసేపటికి నెట్ పోయింది.

మామూలు రోజైతే పోనిమ్మనేవారు. ఆ మధ్యాహ్నం మూడింటికి కూతురు సుప్రియకి వీడియోలో ఇంటర్వ్యూ. రెండేళ్ల తిప్పల తర్వాత ఆఖరి రౌండు దాకా వచ్చిన ఒకే ఒక్క ఉద్యోగం. ఆ ఇంట్లో ఫోన్ సిగ్నల్ గుమ్మం దాటి లోపలికి రాదు. గుమ్మం బయట చూస్తే అమ్మవారి పందిరి, దాని మైకు.

అచ్చిబాబుగారు గుమ్మంలో నిలబడి, ఒక చెవి మూసుకుని, కనెక్షన్ ఇచ్చిన సురేష్‌బాబుకి ఫోన్ చేశారు. అతను అత్తారింట్లో విస్తరి ముందు కూర్చుని ఉన్నాడు.

"వెనకాల చిన్న కన్నం ఉంటుందండి, రీసెట్ బటన్. అందులో పుల్లగానీ గుచ్చారాండి? గుచ్చితే సెట్టింగులన్నీ చెరిగిపోతాయండి."

అచ్చిబాబుగారు పందిరి వైపు తిరిగిపోయారు. "అబ్బే, అమ్మవారి సాక్షిగా ఎవరూ ముట్టుకోలేదండి."

"సరేలెండి, మళ్లీ పెట్టేసుకుందాం. అమ్మాయిగారిని లాప్‌టాప్‌లో రౌటర్ పేజీ తెరవమనండి."

అతను చెప్పడం, ఈయన లోపలికి అరవడం, సుప్రియ కొట్టడం. మధ్యలో మైకువాడు ప్రసాదం పంపిణీ అంటే ఈయన అదీ అరిచారు. చివరికి పేజీ తెరుచుకుని కనెక్షన్ యూజర్ నేమ్, పాస్‌వర్డ్ అడిగింది.

"అవి అప్పట్లో మీకిచ్చిన కాగితం మీద ఉంటాయండి. ఇవాళ ఆఫీసు సెలవు," అని సురేష్‌బాబు పప్పులో నెయ్యి వేయించుకున్నాడు.

కాగితం ఫైల్లో ఉంది. ఫైలు అమ్మవారి పీట మీద, పుస్తకాల కింద, పసుపు అక్షింతలతో సహా ఉంది. మర్నాడు ఉద్వాసన చెప్పేదాకా దాన్ని కదపకూడదన్నది ఆయన పెట్టిన చట్టమే. పదో తరగతిలో పరీక్ష ముందు పీట మీదున్న లెక్కల పుస్తకం కావాలని సుప్రియ ఏడ్చినా ఇవ్వని మనిషాయె.

రెండున్నరయింది. సుప్రియ దేవుడి గది గడప దగ్గరికి వచ్చి, "వద్దులెండి నాన్నగారూ. ఇంకోరోజు పెడతారేమో అడుగుతాను," అంది. పెట్టరని ఇద్దరికీ తెలుసు.

అచ్చిబాబుగారు పీట ముందు కూర్చుని చెయ్యి చాపారు. చెయ్యి సాగలేదు. ఇందాకే ఆ అమ్మవారి సాక్షిగా అబద్ధమాడారు మరి.

"తల్లీ, గుచ్చింది నేనే," అన్నారు చెంపలు వేసుకుని. "కోపముంటే నామీద చూపించు, పిల్ల మీద వద్దు."

వెనకనుంచి భార్య దేవకుమారి అందుకుంది. "మసి పట్టేస్తోందని ఆ పుల్ల తీసి పారేసింది నేనేనండి. పిల్లకీ తెలుసు. ముందు ఫైలు తియ్యండి."

పసుపు మరకల మధ్య అక్షరాలు వెతుక్కుని సుప్రియ వివరాలు కొట్టింది. మూడింటికి ఎనిమిది నిమిషాలుందనగా రౌటర్ మీది ఎర్రలైటు పచ్చబడింది. సుప్రియ గది తలుపు వేసుకుంది. అచ్చిబాబుగారు ఆ గంటసేపూ తలుపు బయట స్టూలు మీదే ఉన్నారు.

నాలుగింటికి తలుపు తెరుచుకుంది. "ఒకటో తారీకున చేరమన్నారు. ఇంటినుంచే పని."

ఆయనకి కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఆరోజు లెక్కల పుస్తకం కూడా ఇవ్వాల్సిందమ్మా. తప్పు చేశాను."

"మీరు కొట్టుకి వెళ్లగానే అమ్మ తీసిచ్చింది కదా," అంది సుప్రియ.

అచ్చిబాబుగారు భార్య వైపు తిరిగారు. దేవకుమారి వంటింట్లో ఎక్కడో దాచిన అరటిపండొకటి తెచ్చి ఆయన చేతిలో పెట్టింది.

"రౌటర్‌కండి. ఈసారి పండుకి గుచ్చండి."