చెవి మేస్త్రి మూడు క్యాసెట్లు

మా ఇంటి గోడకు ఆనుకుని ఒక గది షాపు ఉంది. కాలిపోయిన ఫ్యాన్లకు, మిక్సీలకు, నీళ్ళ మోటార్లకు కొత్త తీగ చుట్టే మనిషిది అది. వీధంతా అతన్ని చెవి మేస్త్రి అంటుంది. ఎందుకంటే మోటారు విప్పకముందే స్క్రూడ్రైవరు మొన దాని పొట్టకు ఆనించి, పిడి చెవికి నొక్కుకుని, కళ్ళు మూసుకుని "బేరింగు పోయింది" అనో "తీగ కాలింది" అనో చెప్పేస్తాడు. ముప్పై ఆరేళ్ళలో ఆ మాట తప్పడం నేను చూడలేదు. నాకంటే పదేళ్ళు చిన్నవాడు, నన్ను అక్కా అంటాడు, నేను తమ్ముడంటాను. వాళ్ళింటి సంగతులన్నీ నీకెలా తెలుసని ఎవరైనా అడిగితే, మధ్యలో ఉన్నది ఒక్క గోడ, నాకున్నవి రెండు చెవులు అంటాను.

అతని బతుకులో చదువు తక్కువ, స్నేహాలు తక్కువ, క్యాసెట్లు మూడు. మొదటిది నీలం అట్టది. సొంతంగా షాపు తెరిచిన వారమే, పాత టేపురికార్డరుతో పాటు కొనుక్కున్నాడు. ఒకే గాయకుడు పాడిన ఎనిమిది పాటలు. రెండోది అక్కచెల్లెళ్ళిద్దరు పాడినది. అతని భార్య, అంటే నా మరదలు, కాపురానికి వస్తూ చీరల మడతల్లో పెట్టుకుని తెచ్చుకుంది. మూడోది వట్టి వేణువు. కొడుకు పుట్టి మూడు నెలలైనా ఏడుపు ఆపకపోతే, వేణువు వినిపిస్తే నిద్రపోతాడని ఎవరో చెప్పారట. వాడి ఏడుపు ఆగలేదు గాని తండ్రికి వేణువు పిచ్చి పట్టుకుంది.

ఇవి అతనికి కాలక్షేపం కాదు, పనిముట్లు. తీగ చుట్టే యంత్రాన్ని చేత్తో తిప్పాలి. ఎన్ని చుట్లు పడ్డాయో చూపించే ముల్లు ఒకటి దానికి ఉండేది. అది ఏనాడో విరిగింది. బాగుచేసుకోవయ్యా అంటే, "పాట ఉండగా ముల్లెందుకక్కా" అన్నాడు. నీలం అట్టలో రెండో పాట మొదలవగానే పిడి తిప్పడం మొదలుపెడతాడు. పాట ఎలా నడిచినా అతని చెయ్యి మాత్రం తన నడకలోనే తిరుగుతుంది. పాట ఆగగానే చెయ్యి ఆగుతుంది. అంతే, ఫ్యానుకు ఒక చుట్ట తయారు. క్యాసెట్టు వెనక్కి తిప్పి, మళ్ళీ అదే పాట, మరో చుట్ట. మిక్సీలకు అక్కచెల్లెళ్ళు, నీళ్ళ మోటార్లకు వేణువు. అలా ఆ రెండో పాట రోజుకు పాతికసార్లు గోడ దాటి మా ఇంట్లోకి వచ్చేది. నా పిల్లలు ఆ పాట వింటూ ఎక్కాలు నేర్చుకున్నారు.

ఆ మూడింటితో పోల్చి చూసి మిగతా సంగీతమంతా పనికిరాదని తేల్చేశాడు. ఒకసారి బస్సులో ఆ నీలం అట్ట పాటే వినబడిందట. నేరుగా డ్రైవరు దగ్గరికి వెళ్ళి, "బాబూ, నీ టేపుకి నీరసం చేసింది. మా షాపుకి పట్రా, చూస్తాను" అన్నాడట. డ్రైవరు ఏమన్నాడో నాకు చెప్పలేదు. మరదలు చెప్పింది, నేను రాయను. ఇంకోసారి ఎవరో పెద్ద విద్వాంసుడి కచేరీకి తీసుకెళితే, "ఆయన నిద్రలో పాడుతున్నాడు, లేపడం ఎందుకు" అంటూ మధ్యలోనే లేచి వచ్చేశాడు.

ఈ ఎండాకాలం మొదట్లో ఆ టేపురికార్డరు మూడు క్యాసెట్లనూ ఒకదాని తర్వాత ఒకటి నమిలేసి ఊరుకుంది. రెండు రోజులు షాపులో చప్పుడు లేదు. అతని కోడలు చురుకైన పిల్ల. ఆ మూడు ఆల్బమ్‌లూ వెతికి, ఒక పాత ఫోనులో నింపి తెచ్చి బల్ల మీద పెట్టింది. నేనూ చూద్దామని వెళ్ళి స్టూలు లాక్కుని కూర్చున్నాను.

పాట మొదలైంది. తమ్ముడు మొహం చిట్లించాడు.

"ఇతను వేరేవాడమ్మాయ్."

"అదేంటి మామయ్యా, పేరు చూడండి, బొమ్మ చూడండి. మీ నీలం అట్టే కదా?"

"జలుబు చేసినట్టుంది ఆ గొంతుకి. పాట కాళ్ళీడుస్తోంది."

"ఇది అసలు రికార్డింగు మామయ్యా. దీనికంటే అసలైంది ఎక్కడా ఉండదు."

నాకూ బరువుగానే వినబడింది. ఫోను చిన్నది కదా, గొంతు ఇరుకై అలా ఉందేమో అనుకున్నాను. అసలైనదని చదువుకున్న పిల్ల అంటుంటే నేనేం వాదిస్తాను? అతనూ వాదించలేదు. పక్కన తిరుగుతున్న ఫ్యానుకు స్క్రూడ్రైవరు ఆనించి, చెవి పెట్టి విని, తీసి బల్ల మీద పెట్టేశాడు.

"చెవులు ముసలివైపోయాయక్కా" అన్నాడు.

మర్నాటి నుంచి ఆ ఫోను పాటలతోనే పని చేశాడు. తీగ ఫ్యాను లోపలి గాడుల్లో పట్టక, చెక్క బద్దతో నొక్కి నొక్కి ఎక్కించడం నా కళ్ళతో చూశాను. ఆ వారంలో బాగుచేసిన ఫ్యాన్లు నాలుగు. అందులో ఒకటి నాది. బిగించి స్విచ్చి వేస్తే, అది భోంచేసి నడుం వాల్చబోతున్న మనిషిలా తిరిగింది. రెక్కలు లెక్కపెట్టవచ్చు. మొహమాటపడి రెండు రోజులు విసనకర్రతో గడిపాను. మూడో రోజుకి మిగతా ముగ్గురూ ఫ్యాన్లు చంకన పెట్టుకుని షాపు ముందు నిలబడ్డారు.

"ఏం మేస్త్రీ, గాలి అమ్ముకున్నావా?" అన్నాడు మంగలి షాపాయన.

తమ్ముడు నవ్వలేదు. నాదీ తెప్పించి నాలుగు ఫ్యాన్లూ విన్నాడు. బేరింగు బాగుంది, తీగ బాగుంది, తప్పెక్కడో చెవికి అందలేదు. ఆ సాయంత్రం షాపు తలుపు మూసి మా గుమ్మంలోకి వచ్చి కూర్చున్నాడు.

"సోమవారం పాత సామానువాణ్ణి రమ్మన్నానక్కా. చుట్టే యంత్రం ఇచ్చేస్తాను. చెవీ పోయింది, చెయ్యీ పోయింది. పాట కూడా అబద్ధంగా వినిపిస్తుంటే నేను దేన్ని నమ్మి పని చెయ్యను?"

అతని చెవి పోయిందంటే నాది కూడా పోయినట్టే కదా, నాకూ ఆ పాట బరువుగానే వినబడింది. ఒకే వారంలో గోడకు అటూ ఇటూ రెండు జతల చెవులు ఎలా పోతాయి? ఆ ప్రశ్న నన్ను కూర్చోనివ్వలేదు, నిలబడనివ్వలేదు.

తెల్లారగానే మరదలి వంటగదిలోకి వెళ్ళాను.

"ఏమే, ఆ అక్కచెల్లెళ్ళ క్యాసెట్టు నువ్వు పుట్టింట్లో విన్నదే కదా? ఫోనులో నీకెలా వినబడుతోంది?"

అంట్లు తోముతున్న చెయ్యి ఆపింది. "మా ఇంట్లో విన్నట్టే ఉంది వదినా."

"మరి ఇన్నాళ్ళూ ఈ ఇంట్లో విన్నది?"

"అది... ఇక్కడికి వచ్చిన మొదటి రోజు కొంచెం పరుగెత్తినట్టు అనిపించింది. ఇద్దరూ చిన్నపిల్లల్లా పాడారు."

"ఆ మాట ఎవరికీ చెప్పలేదూ?"

"కొత్తకోడల్ని, మీ పాటలు పరుగెత్తుతున్నాయని ఎలా చెప్తాను? ఇక్కడ అన్నీ ఇంతే కాబోలు, మాట వేగం, నడక వేగం, పాటా వేగమే అనుకున్నాను. తర్వాత అలవాటైపోయింది."

"ముప్పై నాలుగేళ్ళు నోరు కుట్టుకుని కూర్చున్నావటే?"

"ఎవరూ అడగలేదు వదినా" అంది.

అటక మీది టేపురికార్డరు దింపించాను. "విప్పు" అన్నాను తమ్ముణ్ణి. చచ్చినదాన్ని విప్పి ఏం లాభమన్నాడు. నా చూపు చూసి మారుమాట్లాడకుండా విప్పాడు. లోపల బుల్లి మోటారు, దాని కొసన బుల్లి చక్రం, అక్కణ్ణుంచి పెద్ద చక్రానికి ఒక రబ్బరు బెల్టు. బుల్లి చక్రం చుట్టూ నల్లగా ఏదో మందంగా అంటుకుని ఉంది.

"ఇదేంట్రా?"

"సైకిలు ట్యూబు ముక్కక్కా. కొన్నప్పుడు బెల్టు జారిపోతోందని నేనే చుట్టి అతికించాను. కొత్త బెల్టు వెతికే ఓపిక లేక..."

అక్కడ ఆగిపోయాడు. వేలితో ఆ చక్రాన్ని ఒకసారి తిప్పాడు. పెద్ద చక్రం ఎంత తిరిగిందో చూశాడు. మళ్ళీ తిప్పాడు.

"తిప్పే చక్రం లావైతే తిరిగేది వేగంగా తిరుగుతుంది" అన్నాడు మెల్లగా. ఊళ్ళో మోటార్లన్నిటికీ వైద్యం చేసినవాడు ఆ మాట పాఠం అప్పచెబుతున్నవాడిలా అన్నాడు.

అప్పుడు నాకు వెలిగింది. ముప్పై ఆరేళ్ళుగా పాటలు పరుగెత్తి త్వరగా అయిపోయేవి, అతని చెయ్యి ఆ కొలతకే అలవాటుపడింది. ఫోనులో పాట తన అసలు నడక నడిచి ఆలస్యంగా ముగుస్తుంటే, అతని చెయ్యి చుట్లు ఎక్కువ వేసేసింది. తీగ ఎక్కువై ఫ్యాను నెమ్మదించింది. పోయింది చెవీ కాదు, చెయ్యీ కాదు.

కోడల్ని పిలిచాం. ఫోనులో పాట వేగం పెంచవచ్చని చెప్పింది. కొంచెం కొంచెంగా పెంచుతూ పోతే, తమ్ముడు కళ్ళు మూసుకుని, "ఇంకొంచెం... ఇంకొంచెం... ఎక్కువైంది, వెనక్కి... ఆ, అక్కడ ఆపు" అన్నాడు. ఆ పాటతో నా ఫ్యానుకు మళ్ళీ తీగ చుట్టాడు. గాడుల్లో సాఫీగా కూర్చుంది. స్విచ్చి వేస్తే గోడ మీది క్యాలెండరు ఎగిరి నేల మీద పడింది. నేను చప్పట్లు కొట్టాను. మరదలు కళ్ళొత్తుకుంది. అతను మాత్రం ఫోను చేతిలోకి తీసుకుని తిప్పి తిప్పి చూస్తున్నాడు.

"వేగం వచ్చింది గాని గొంతు రాలేదమ్మాయ్. నా పాటలో గొంతు సన్నగా ఉండేది."

"ఈ ఫోను వేగమే మారుస్తుంది మామయ్యా, గొంతు మార్చదు."

"మరి ఆయన ఆ సన్నటి గొంతుతో ఎక్కడా పాడలేదా?"

"పాడలేదు మామయ్యా. అది మీ ట్యూబు ముక్క పాడింది."

పిల్ల హాస్యానికే అంది. అతను నా వైపు తిరిగాడు. "అంటే నేను ఇష్టపడ్డది ఎవర్నక్కా? ఆ బస్సు డ్రైవరుది తప్పు కాదు. ఆ విద్వాంసుడూ నిద్రపోలేదు. ముప్పై ఆరేళ్ళు ఎవరి పాట విన్నాను నేను?"

నేను చదివింది ఐదో తరగతి. ఆలోచించిన కొద్దీ నాకే తల తిరిగింది. వినబడింది నిజమే కదా, పాడినవాడు లేకపోవడమేమిటి?

సోమవారం పాత సామానువాడు వచ్చాడు. తమ్ముడు అతనికి కాలిన తీగ గోనెసంచెడు ఇచ్చి, యంత్రం మీద చెయ్యి వేసుకుని, "ఇది ఇవ్వను, వెళ్ళిరా" అన్నాడు. మిగతా మూడు ఫ్యాన్లూ ఆ రోజే సరిచేశాడు.

ఇప్పుడు పొద్దంతా పరుగు పాటతో పని చేస్తాడు. మధ్యాహ్నం భోజనం అయ్యాక మాత్రం అసలు నడకలో పెట్టించుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని వింటాడు. పరాయి ఇంటికి మొదటిసారి వెళ్ళి, కుర్చీ అంచున కూర్చున్నవాడిలా ఉంటాడు. నిన్న ఉండబట్టలేక వెళ్ళి అడిగాను.

"ఎలా ఉన్నాడ్రా ఈయన?"

ఫోను కాస్త దగ్గరికి జరుపుకున్నాడు. "తెలియట్లేదక్కా. మంచివాడిలాగే ఉన్నాడు."