ఐదో ముక్క లేచి నిలబడాలి

మా ఇంగ్లీషు మేడం పోయారు. శుక్రవారం పొద్దున నేను రేణిగుంట విమానాశ్రయంలో డ్యూటీ ఎక్కబోతుంటే నగరి నుంచి ఫోనొచ్చింది. రాత్రి నిద్రలోనే గుండె ఆగిందట. కాసేపటికి మైకు పట్టుకుని ప్రయాణికులను పిలిచాను. గొంతు వణకలేదు. అది ఆమె చలవే.

నగరిలో మావన్నీ మరమగ్గాల ఇళ్ళు. ఆ చప్పుడులో వినబడాలంటే అరవాలి కదా, ఇంగ్లీషు మాటనైనా ప్రతి ముక్కా ఒకే బలంతో అరిచేవాళ్ళం. మేడం చెవులు మూసుకుని నవ్వేవారు. "అన్నీ అరిస్తే ఏది వినాలమ్మా? ఒక్కదాన్ని ఎత్తండి, మిగతావి దాని వెనకే వస్తాయి" అనేవారు.

ఇంటి దగ్గర ట్యూషనులో పెద్ద మాట వస్తే దాన్ని బెంచీ మీద కూర్చోబెట్టేవారు. గడ్డం కింద అరచెయ్యి పెట్టుకుని పలకాలి, దవడ ఎన్నిసార్లు దిగితే అన్ని ముక్కలు. ఐడెంటిఫికేషన్‌కు ఆరుగురం. ఐ, డెన్, టి, ఫి, కే, షన్, తలా ఒకటి. ఊనిక పడే ముక్క, అంటే ఒత్తి పలకాల్సింది, ఎవరిదో వాళ్ళు లేచి నిలబడి చెప్పాలి. నోరు విప్పని నన్ను ఎప్పుడూ 'కే' దగ్గరే కూర్చోబెట్టేవారు. మాట మారితే నా చోటు మార్చి మరీ లేపేవారు. లోపల తిట్టుకునేదాన్ని. "నీకు గొంతు లేక కాదు మే, లేచే పని పడక" అన్నారొకసారి.

నాకీ ఉద్యోగం వచ్చాక ఆమెకు ఒకటే కోరిక, నా అనౌన్స్‌మెంటు వినాలని. ఇంట్లో చెప్పి వినిపిస్తానంటే ఒప్పుకోలేదు. "ఈడ కాదు. మైకులో, జనం మధ్యలో వినాల" అన్నారు. హైదరాబాదులో కూతురి దగ్గరికి విమానంలోనే వెళ్తానని, అదీ నా డ్యూటీ రోజే వెళ్తానని పట్టుబట్టారు. ఒకసారి మోకాళ్ళ నొప్పులు, ఒకసారి వాన. చివరికి ఈ నెలలో టికెట్టు తీశాం. ఆమె ఎదురుగా కూర్చుని వింటుంటే మైకులో పలకాలని ఎంత ఆశపడ్డానో. ఇక ఆ రోజు రాదు. ఈ వెలితి నన్ను వదలదు.

సాయంత్రం నగరిలో మేడం ఇంటికి వెళ్ళేసరికి ట్యూషను బెంచీలు వీధిలో వేసి ఉన్నాయి. మా పాత క్లాసువాళ్ళు ఒకదాని మీద ఇరుక్కుని కూర్చున్నారు. నేను చివర కూర్చోబోతే, అప్పట్లో 'షన్' అనే అమ్మాయి పక్కకు జరిగి, "ఆడ కాదు మే, ఇది నీ చోటు" అంది. ఏడుపు ఆగలేదు.

పాడె ఎత్తగానే ఆరుగురం ఒక్కసారే లేచాం. ఆమె ఉంటే, అందరూ లేస్తే ఎట్లమ్మా అనేవారు. పాడె వీధి మలుపు తిరిగేదాకా ఎవరమూ కూర్చోలేదు.