అరవై కిలోల ఇంగువ

కొత్తపేటలో పెళ్లివంటల కాంట్రాక్టులు చేసే మా మావయ్య కంప్యూటరుకి నోటితో జవాబు చెప్పేవారు. "సరేనా?" అని తెర మీద పడితే, "ఆయ్" అని వినయంగా అని, చేతులు కట్టుకుని కూర్చునేవారు. అది కదిలేది కాదు. ఈయనా కదిలేవారు కాదు.

వారం రోజులు సెలవు పెట్టి ఆయన దగ్గరికి వెళ్లాను. నేను హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ టెస్టర్ని. కాదు, ఒకప్పుడు టెస్టర్ని. ఇంకొకరు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు పట్టడం నా పని. బాగా పట్టేస్తున్నానని మేనేజరుని చేసి ఆ పని కాస్తా మాన్పించారు. ఆరేళ్లు మీటింగుల్లో కూర్చుని, వేరేవాళ్లు పట్టిన తప్పుల పట్టికలకి ఎరుపూ, పసుపూ, ఆకుపచ్చా రంగులు వేశాను. చివరికి విసుగెత్తి, మళ్లీ టెస్టర్‌గా వెయ్యమని అడిగాను. సరే, సోమవారం కొత్తగా చేరిన పిల్లలతోపాటు నీకూ పరీక్ష పెడతామన్నారు. ఆరేళ్లలో ఆ పని మర్చిపోయి ఉంటానని భయమేసింది. "నా దరఖాస్తు వెనక్కి తీసుకుంటున్నాను" అని మెయిల్ రాసి, పంపడానికి సిగ్గేసి, దాచుకుని బస్సెక్కాను.

మావయ్య గోడౌన్లో గుండిగల మధ్య కొత్త కంప్యూటరుంది. ఎంతమందికి భోజనాలో కొడితే సరుకుల జాబితా ఇచ్చే ప్రోగ్రాము అందులో ఉంది. దాన్ని రాసింది, తొంభైల్లో అమలాపురంలో నాకు టైపు నేర్పిన మాస్టారు. టైపు మిషన్లు అమ్మేసి కంప్యూటర్ సెంటర్ పెట్టారట. ఆ రోజు ఆయనా అక్కడే ఉన్నారు.

"ఓసారి చూడమ్మా. ఎల్లుండి పెళ్లికి ఈ జాబితానే కొట్టుకి పంపేద్దావనుకుంటున్నాను," అన్నారు మావయ్య.

మాస్టారు వెనక నిలబడేసరికి పదిహేడేళ్లప్పటిలా నా వేళ్లు బిగుసుకుపోయాయి. ఏదో ఒకటి కొట్టాలి కదా అని, భోజనాలు సున్నా మందికి అని కొట్టాను. ఒక బస్తా ఉప్పు తెమ్మంది.

"ఎవరూ రాని పెళ్లికి ఉప్పెందుకండీ మాస్టారూ?"

"మన వైపు పెళ్లికి రాకుండా ఎవరుంటారమ్మా? అందుకని అది ఆలోచించలేదు," అన్నారాయన.

నవ్వాగలేదు. ఆ నవ్వుతో భయం కొంచెం వదిలింది. మైనస్ ఐదుగురన్నాను, మారుమాట్లాడకుండా ఒప్పుకుంది. నాలుగు వందల మందన్నాను, జాబితా చక్కగా వచ్చింది. మేనేజరుగా అయితే ఆకుపచ్చ రంగు వేసి లేచి వెళ్లిపోయేదాన్ని. కానీ పెళ్లివారు ఒక్క మాట మీద ఉంటారా? ఆరు వందలకి పెంచి, గుత్తివంకాయ కూర వద్దన్నాను.

"వంకాయలు తీసెయ్యనా?" అని తెర అడిగింది.

"ఆయ్," అన్నారు మావయ్య వెనకనుంచి. నేను మీట నొక్కాను.

వంకాయలు పోయాయి. వాటి అరవై కిలోలు మాత్రం అక్కడే ఉండిపోయి, కింది వరసలోంచి పైకొచ్చిన ఇంగువకి అంటుకున్నాయి.

మొదటినుంచీ మళ్లీ చేశాను, అరవై కిలోల ఇంగువ. జనాన్ని పెంచకుండా చేశాను, అంతా సవ్యంగా ఉంది. పెంచి చేశాను, మళ్లీ అరవై! దొరికింది! ముప్పై అయిదేళ్ల మనిషిని, కుర్చీలోంచి లేచి గంతేశాను. గోడకానించిన జల్లిగరిటె పడి గోడౌనంతా మోగింది. ఆరేళ్లలో అంత సంతోషం నాకు ఏ మీటింగులోనూ కలగలేదు.

"అరవై కిలోలే! మండపేట దాకా వాసనొచ్చేద్దమ్మా!" అని మావయ్య పొట్ట పట్టుకుని నవ్వారు. "ఇంతకీ నీ ఉద్యోగం ఇదేనా?"

"ఇదే మావయ్యా!" అన్నాను. ఆరేళ్లుగా ఆ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు.

ప్రోగ్రాము రాసిన మాస్టారు చిన్నబుచ్చుకుంటారేమోనని అప్పుడు తోచింది. ఆయన కళ్లజోడు తుడుచుకుంటున్నారు.

"తప్పు ఎలా వచ్చిందో వరసగా చెప్పమ్మా, రాసుకుంటాను," అన్నారు. తర్వాత మెల్లగా, "ఇందాకట్నుంచీ చూస్తున్నాను. కీబోర్డు వంక ఒక్కసారీ చూళ్లేదు నువ్వు," అన్నారు.

సాయంత్రం మాస్టారి కంప్యూటర్ సెంటర్లోనే కూర్చుని, దాచుకున్న మెయిల్ తెరిచాను. పంపకుండా తీసెయ్యబోతే, నిజంగా తీసెయ్యమంటారా అని అడిగింది.

"ఆయ్," అన్నాను పైకే. పక్క కుర్చీల్లోవాళ్లు తిరిగి చూశారు. అప్పుడు నొక్కాను.