పరుపు గుడ్డ ముడి

ఆ కబురు నాకు మొదట తెచ్చింది కొండపల్లి బస్సు కండక్టరు గారు. డ్యూటీ దిగి, టిక్కెట్ల సంచీ ఇంకా భుజాన ఉండగానే, గవర్నర్‌పేటలో మా పరుపుల దుకాణం దాకా నడిచొచ్చారు. ఆయన సీటు మీద వేసుకునే దూది మెత్త మా బాబాయి కుట్టిచ్చిందే. కూర్చోమన్నా కూర్చోలేదు.

"అమ్మా, మీ బాబాయి గారు ఖిల్లా కొండ మీద జారి పడిపోయారండి" అన్నారు.

"ఇప్పుడెలా ఉందండీ?" అని అడిగాను. "పోయారమ్మా" అన్నారు.

నేనప్పుడు దిండు గలీబు కుడుతున్నాను. ఆ కుట్టు చివరిదాకా వేసి, దారం కొరికి, సూది దూదిలో గుచ్చి, అప్పుడు లేచాను. అలా ఎందుకు చేశానో ఇప్పటికీ తెలియదు.

మేము దూదేకులవాళ్లం. పరుపులు, దిండ్లు కుట్టడమే మా ఇంట్లో అందరి పని. నన్ను బడికి పంపలేదు. పరుపు గుడ్డ మీద కొలతలు గీసే సుద్దముక్కతో నాన్న నాకు అక్షరాలు దిద్దించారు. దూది పొట్లాలకు చుట్టి వచ్చిన పేపరు ముక్కలు సాపు చేసి బాబాయి నాచేత చదివించేవారు. ఈ నాలుగు మాటలు రాయగలుగుతున్నానంటే ఆ ఇద్దరి పుణ్యమే. రోజూ నమాజులో ఆ మాట చెప్పుకుంటాను.

బాబాయి కాపురం కొండపల్లిలో, కొండ కిందే. వారమంతా పరుపులు కుట్టి, ఆదివారం జనాన్ని ఖిల్లాకి తీసుకెళ్లేవారు. మొదట్లో కుటుంబాలు వచ్చేవి, క్యారేజీలు పట్టుకుని, పొద్దున ఎక్కి సాయంత్రం దిగిపోయేవాళ్లు. రెండువేల సంవత్సరం దాటాక కాలేజీ పిల్లలు డేరాలు తెచ్చుకుని ఒక రాత్రి ఉండిపోవడం మొదలుపెట్టారు. వాళ్లు మెట్లదారి వదిలేసి అడవిదారినే ఎక్కుతామనేవారు. అందుకని బాబాయి మిగిలిన పరుపు గుడ్డని పీలికలు చేసి దారి పొడవునా కొమ్మలకి కట్టారు. తెల్ల గుడ్డ మీద నీలం చారలు, దూరానికి కూడా కనపడతాయి.

ఆయన పోయిన ఏడాది రెండు వానలు పడి కొండ పచ్చబడ్డాక నన్నూ మా ఆయన్నీ రమ్మన్నారు. అమ్మ కంటి ఆపరేషన్ దగ్గర పడుతోంది, నాకు గుండె దడగా ఉండేది. ఒక రోజు గాలి మార్పు ఉంటుందని పిలిచారు.

గుమ్మంలో పిన్ని పట్టుకుంది. "ఏమే, మీ బాబాయితో కొండెక్కుతున్నావా? పెళ్లయి ఇన్నేళ్లయింది, నన్ను ఒక్కసారైనా పిలిచాడేమో అడుగు."

"నిన్ను పిలిస్తే దారిలో నాలుగు చోట్ల పొయ్యి పెడతావు. దిగేసరికి రంజాను వచ్చేస్తుంది" అన్నారు బాబాయి.

ఎక్కుతూ అడిగాను. "ఇన్నేళ్లు తిరిగావు కదా బాబాయ్, నీకు ఈ గుడ్డలెందుకు?"

"నాకు కాదే, వెనకొచ్చేవాళ్లకి. కాలేజీ పిల్లలు నా మాట వింటారా? గుడ్డ మాటయితే వింటారు."

మా ఆయన ఒక పీలిక పట్టుకుని చూసి, "దర్గా దగ్గర మొక్కు కట్టినట్టే ఉన్నాయి మావయ్యగారూ" అన్నారు.

"అందుకే ముందే చెప్తున్నా. మొక్కులకి కింద దర్గా ఉంది. ఇక్కడ గుడ్డ ఉందంటే దారి ఉన్నట్టు. ఇంకో గుడ్డ కట్టకూడదు."

పైన డేరా వేసి, మూడు రాళ్ల మీద అన్నం, ఎండురొయ్యలు వంకాయ కూర వండుకున్నాం. అంత రుచైన కూర మళ్లీ తినలేదు. తెల్లవారి నమాజు ఒక చదును బండ మీద చేసుకున్నాను. దూరంగా కృష్ణ, కరెంటు స్టేషన్ గొట్టాల పొగ, మంచు. దేవుడికి ఇంత దగ్గరగా ఎప్పుడూ లేననిపించింది.

మా వాళ్లలో ఒక ఆచారం ఉంది. కోరిక కోరుకుని దర్గా దగ్గర గుడ్డ ముడి వేస్తాం. కోరిక తీరితే, కట్టిన చెయ్యే వెళ్లి ఆ ముడి విప్పాలి. ఆ పొద్దున అన్నం గిన్నెకి కట్టిన గుడ్డ నా చేతిలో ఉంది. అదీ చారల పరుపు గుడ్డే. బండ అంచున, కింద లోయ కనపడేచోట, కొండపల్లి బొమ్మలకు వాడే తెల్లపొణికి మొక్క ఒకటి ఉంది. అమ్మకి చూపు రావాలని కోరుకుని దానికి ముడి వేశాను. బాబాయి మాట మరిచిపోయానని చెప్పలేను. గుర్తుంది. ఒక్కటే కదా అనుకున్నాను. ఎవరికీ చెప్పలేదు.

అమ్మకి చూపు వచ్చింది. కట్టు విప్పగానే నన్ను చూసి, "నీ జాకెట్టు ఇంత వెలిసిపోయిందేమిటే, ఇన్నాళ్లూ ఇదే వేసుకుని తిరుగుతున్నావా!" అంది. అందరం నవ్వాం. ఇక వెళ్లి ముడి విప్పాలి. పెళ్లిళ్ల పరుపులు చేతినిండా ఉన్నాయి. వచ్చే ఆదివారం వెళ్దాంలే అనుకున్నాను. అలా నాలుగు ఆదివారాలు గడిచాయి. ఐదో ఆదివారం కండక్టరు గారు వచ్చారు.

పిన్ని ఇంటికి వెళ్లేసరికి వరండాలో డిగ్రీ చదివే అమ్మాయి ఒకతి తడిబట్టలతో కూర్చుని ఉంది. మధ్యాహ్నం వానలో దిగుతుంటే జరిగిందట.

"గుడ్డ కట్టి ఉందండి ఆంటీ. దారి అటేననుకుని నేను ముందు నడిచేశాను. తాతగారు వెనకనుంచి ఆగమని అరిచారట, నాకు వినపడలేదు. పరిగెత్తుకొచ్చి నా బ్యాగు పట్టుకుని వెనక్కి లాగారు. ఆయన కాలే..."

"అక్కడ ఆయన గుడ్డ కట్టరమ్మా. అది అంచని ఆయనే చెప్పేవారు" అంది పిన్ని.

"ఉందండి. నీలం చారలు. నేను చూశాను."

"గాలికి కొట్టుకొచ్చి ఉంటుందిలే."

నేను లోపలికి వెళ్లి టీ కాచి అందరికీ గ్లాసుల్లో పోశాను. ఆ అమ్మాయికి పంచదార ఎక్కువ వేశాను. ఏడుపు రాలేదు. మగవాళ్లు మట్టి చేసి వచ్చాక కూడా రాలేదు.

మూడో రోజు, పోయినవారి కోసం చదివే ఫాతిహా అయ్యాక మా ఆయన్ని తోడు తీసుకుని కొండెక్కాను. ముడి వానకి నాని బిగుసుకుపోయి ఉంది. వేళ్లకి లొంగకపోతే పంటితో విప్పాను. కోరిక తీరింది కాబట్టి విప్పాను. అది నిజమే. అమ్మ చూపుకి అల్లాకి షుక్ర్ చెప్పుకున్నాను. ఆ అమ్మాయి ప్రాణానికీ చెప్పుకున్నాను. మాటలైతే వచ్చాయి, లోపల ఏమీ కదల్లేదు.

పిన్నికి చెప్పాలా వద్దా అని నలభై రోజులు మోశాను. నలభయ్యో రోజు వంటలయ్యాక ఆ గుడ్డ తీసి ఆమె ఒళ్లో పెట్టి, జరిగింది చెప్పాను. పిన్ని గుడ్డని వేళ్లతో సాపు చేసింది. మడత పెట్టింది. మళ్లీ విప్పి సాపు చేసింది.

"ఆయనుంటే నిన్ను తిట్టేవాడు. తిట్టి, అన్నం తిన్నావా అని అడిగేవాడు. తిట్టే ఓపిక నాకు లేదే. అన్నం తిను" అంది.

తిన్నాను. ఆ మాట మా ఇద్దరి మధ్య మళ్లీ రాలేదు. ఇప్పుడు పిన్ని కూడా లేదు. గుడ్డ నా దగ్గరే ఉంది. ఆ అమ్మాయికి ఇద్దరు పిల్లలు, పండక్కి ఫోను చేస్తుంది. ఆమెకీ ఈ ముడి సంగతి చెప్పాను. మరుసటి పండక్కి మళ్లీ ఫోను చేసింది.

ఆ కొండ మీదికి ఇప్పుడూ జనం వెళ్తూనే ఉన్నారని విన్నాను. చదివినవాళ్లని నేను అడిగేది ఒక్కటే. నన్ను క్షమించమని కాదు, ఆ లెక్క నాకూ దేవుడికీ మధ్యది. వారమంతా పరుపులు కుట్టి, ఆదివారం కొండెక్కి, వెనకొచ్చేవాళ్ల కోసం కొమ్మకొమ్మకీ గుడ్డ కట్టిన ఆ మనిషి ఎవరినీ దారి తప్పించలేదు. మీరు ఏ దేవుడికి మొక్కేవాళ్లయినా సరే, మా బాబాయిని ఒక్కసారి తలుచుకోండి.